మా అమ్మ వంట వద్దన్నారు, కమిషన్‌కి రాయమంటారా?

ప్రశ్న: సార్, మాది రాజాం దగ్గర చిన్న పల్లె. నేను డిగ్రీ చదువుతున్నాను. పోయిన జూన్‌లో బడి తెరిచినప్పుడు మా అమ్మకి ఊళ్ళోని ఎలిమెంటరీ బడిలో మధ్యాహ్న భోజనం వండే పని వచ్చింది. నెలకి 3000 రూపాయలు. మొదటి వారంలోనే పెద్దవీధి పిల్లలు ఇంటి దగ్గర్నుంచి క్యారేజీలు తెచ్చుకోవడం మొదలెట్టారు. నలభై మంది తినే బడిలో తొమ్మిది మందే తినేవారు, వాళ్ళూ మా పేట పిల్లలే. ఉడికించిన గుడ్డు పెంకుతో ఇస్తే మాత్రం అందరూ తీసుకునేవారు. జూలై రెండో వారంలో స్కూల్ కమిటీ వాళ్ళు వచ్చి మాట్లాడి వెళ్ళాక హెడ్మాస్టరుగారు "గొడవ సద్దుమణిగేదాకా కొన్నాళ్ళు ఆగమ్మా" అన్నారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. మర్నాటి నుంచి వేరే ఆవిడ వండుతోంది, క్యారేజీలు ఆగిపోయాయి. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఒక అర్జీ, కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒక అర్జీ ఇచ్చాం. జవాబు లేదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే "మీది బీసీ-సీ సర్టిఫికెట్, అట్రాసిటీ కేసు రాదు" అని పంపేశారు. మేం చర్చికి వెళ్తాం, అది నిజమే. మానవ హక్కుల కమిషన్‌కి రాస్తే ఏమైనా జరుగుతుందా? మావయ్య అన్ని కమిషన్లకీ ఒకే కాగితం పంపేద్దాం అంటున్నాడు. అమ్మేమో "ఊళ్ళో బతకాలి, మనకెందుకే" అంటోంది.
ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, నా మనవరాలి ఈడుదానివి, నువ్వు అనే అంటాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ గుడ్డు దగ్గరే ఆగిపోయాను. మీ అమ్మ చేత్తో వార్చిన అన్నం వద్దు, ఆవిడ ఉడకబెట్టిన గుడ్డు మాత్రం పెంకు ఉంటే పరవాలేదు. ఈ సంగతి నువ్వు మామూలుగా రాసి వదిలేశావు గానీ, నీ కేసులో దీన్ని మించిన సాక్ష్యం లేదు. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ముందు స్టేషన్‌లో చెప్పిన మాట చూద్దాం, ఎందుకంటే అది సగం నిజం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి కూడా ఇచ్చారు. క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళకి లేదు. అందుకే మన రాష్ట్రంలో వాళ్ళని బీసీ-సీ కింద పెట్టారు, ఒక్క శాతం రిజర్వేషన్‌తో. ఈ లెక్క మార్చాలా వద్దా అని తేల్చడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్ వేసింది. అది వేరే పెద్ద కథ. నీ చేతిలో ఉన్న సర్టిఫికెట్‌తో ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల్ని ఆపడానికి వచ్చిన 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద కేసు కట్టడం కష్టమే, అంతవరకు వాళ్ళు చెప్పింది ఒప్పుకుందాం. మతం మారగానే ఊరివాళ్ళు మీ పేటని పేట అనడం మానేశారా, మీ అమ్మ చేతి కూడు తినడం మొదలెట్టారా అంటే చట్టం దగ్గర జవాబు లేదు.

కానీ అట్రాసిటీ కేసు రాదంటే అసలు కేసే రాదని కాదు. అంతకంటే పాత చట్టం ఒకటుంది, 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం. అంటరానితనం పేరుతో "ఏ వ్యక్తికైనా" అడ్డంకి పెడితే నేరం అంటుంది అది, షెడ్యూల్డు కులాలవాళ్ళకే అనలేదు. 4వ సెక్షన్‌లో బావి, హోటలు, శ్మశానంతో పాటు ఉద్యోగం కూడా ఉంది. తేడా ఒక్కచోట వస్తుంది. బాధితులు షెడ్యూల్డు కులానికి చెందినవాళ్ళయితే, జరిగింది అంటరానితనం వల్లే అని కోర్టు ముందే అనుకోవాలని 12వ సెక్షన్ చెబుతుంది. మీకు ఆ వెసులుబాటు లేదు, మీరే రుజువు చేసుకోవాలి. ఇంకో సంగతి, ఈ చట్టం కింద దర్యాప్తుని కావాలని నిర్లక్ష్యం చేసిన ఉద్యోగి నేరానికి సాయపడినట్టే లెక్క, 10వ సెక్షన్‌లో ఉంది. ఈసారి స్టేషన్‌కి వెళ్ళేటప్పుడు నోటి మాటగా కాదు, ఈ చట్టం పేరు రాసిన ఫిర్యాదు పట్టుకెళ్ళు. తీసుకోకపోతే అదే ఫిర్యాదుని ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపు. క్రిమినల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ఆ దారి చూపిస్తుంది.

ఇప్పుడు కమిషన్. మనవాళ్ళు మానవ హక్కుల కమిషన్ అంటే పెద్ద కోర్టు అనుకుంటారు. కాదు. 1993 నాటి చట్టంతో వచ్చిన సంస్థ అది. సాక్షుల్ని పిలిపించడానికి, రికార్డు తెప్పించడానికి సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి గానీ, శిక్ష వేయదు. మానవ హక్కులు అంటే మనిషి జీవితం, స్వేచ్ఛ, సమానత్వం, గౌరవం అని చట్టమే చెప్పింది. ఆ నాలుగు మాటల్లో ఎక్కడా కుల ధ్రువపత్రం ప్రసక్తి లేదు. స్టేషన్‌లో మూసేసిన తలుపు ఇక్కడ తెరిచి ఉంటుంది. అందుకే ఎస్సీ కమిషన్ కంటే మీకు ఇదే సరైన చోటు అంటున్నాను.

అయితే ఒక కిటుకుంది. ఆ కమిషన్ చూసేది ఊరివాళ్ళు చేసినదాన్ని కాదు. ప్రభుత్వ ఉద్యోగి హక్కుని భంగపరిచాడా, లేదా భంగం జరుగుతుంటే ఆపకుండా నిర్లక్ష్యం చేశాడా, ఈ రెండే. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. వకీలుగా ప్రాక్టీసు కొత్తలో, కమిషన్ ఇంకా హైదరాబాదులో ఉన్న రోజుల్లో, టీ కొట్లో రెండు గ్లాసుల పద్ధతి మీద ఒక ఊరివాళ్ళ తరఫున అయిదు పేజీల పిటిషన్ రాశాను. రాజ్యాంగ పీఠికతో మొదలెట్టాను. చాలా గొప్పగా రాశాననుకున్నాను కూడా. మూడు నెలలకి వచ్చిన జవాబు ఒక్క వాక్యం: ప్రభుత్వ ఉద్యోగి ప్రమేయం కనిపించడం లేదు కనుక ముగించడమైనది. ఆ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని రోజూ టీ తాగే కానిస్టేబులు ఉన్నాడు. మండలాఫీసులో ఆరు నెలల కింద ఇచ్చిన అర్జీ ఉంది. ఆ రెండూ నా అయిదు పేజీల్లో లేవు.

కాబట్టి నీ పిటిషన్ పెద్దవీధి తల్లిదండ్రుల మీద రాయకు. వాళ్ళ సంగతి పోలీసులు చూడాలి. కమిషన్‌కి రాసేది హెడ్మాస్టరు చేసిన పని గురించి, ఎంఈఓ చేయని పని గురించి. హెడ్మాస్టరు చెడ్డవాడు కాకపోవచ్చు, నీ ఉత్తరంలో ఆయన మాట చూస్తే భయపడ్డ మనిషిలాగే ఉన్నాడు. ఆయన్ని తిట్టనక్కర్లేదు, పేరు కూడా అక్కర్లేదు, హోదా రాస్తే చాలు. పిల్లలు తిననంటే తల్లిదండ్రులతో మాట్లాడాల్సిన ఉద్యోగి వండే మనిషిని ఆపేశాడు. సూటిగా అదే చెప్పాలి.

ఇందులోనే ఇంకో గొయ్యి ఉంది. "అమ్మకి ఉద్యోగం పోయింది, జీతం పోయింది, మళ్ళీ పెట్టించండి" అని రాస్తే అది సర్వీసు వ్యవహారం అంటారు. సర్వీసు తగాదాలు, ఆస్తి తగాదాలు, కోర్టులో నడుస్తున్నవి, పేరూ ఊరూ లేని ఆకాశరామన్న ఉత్తరాలు, ఏమీ తేలకుండా రాసినవి, ఇలాంటివాటిని కమిషన్లు మొదటి చూపులోనే పక్కన పెడతాయి. మొదటి వాక్యంలోనే అంటరానితనం అనే మాట రావాలి, 3000 రూపాయల మాట చివర్లో వస్తే చాలు. దాదాపు ఇలా రాయి:

"జూన్‌లో నన్ను మా ఊరి ప్రభుత్వ పాఠశాలలో వంట పనికి పెట్టారు. నేను అంటరాని కులానికి చెందినదాన్నన్న కారణంతో కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని నా వంట తిననివ్వలేదు. జూలై ఫలానా తేదీన ప్రధానోపాధ్యాయుడు ఆ కారణంతోనే నన్ను నోటిమాటగా పని మాన్పించారు. ఫలానా తేదీన ఎంఈఓకి, ఫలానా తేదీన కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాను. ఈ రోజు వరకు విచారణ జరగలేదు. ఇది అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణానికి విరుద్ధం."

ఇంతే. కింద, పాఠశాల వంట పనుల్లో దళితులకి, ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆహార హక్కు కేసులో ఆదేశించిందని ఒక వాక్యం కలుపు. ఆ ఆదేశంలో దళితులు అనే మాట ఎస్సీలతో పాటు విడిగా ఉంది. మీలాంటివాళ్ళకి ఆ ఒక్క మాట పట్టుకోవడానికి పనికొస్తుంది. పిటిషన్ ఒక పేజీ దాటకూడదు. తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. నీ పేరుతో కూడా పంపొచ్చు, బాధితుల తరఫున ఎవరైనా ఇవ్వొచ్చని చట్టంలో ఉంది. అయినా మీ అమ్మ సంతకం ఉంటేనే బలం.

గడువు మర్చిపోకు. సంఘటన జరిగిన ఏడాది దాటితే కమిషన్ ముట్టుకోదు, 36వ సెక్షన్. మీది జూలై రెండో వారం. సంక్రాంతి వెళ్ళాక నాకు రాశావు, ఇంకా నెలలున్నాయి కదా అని ఆగకు. జిల్లా పేరు కూడా జాగ్రత్త. రాజాం 2022 ఏప్రిల్ నుంచి విజయనగరం జిల్లా. ఇంట్లో పాత కాగితాలన్నిటి మీదా శ్రీకాకుళం అనే ఉంటుంది. అలవాటు కొద్దీ అదే రాసేస్తే రిపోర్టు ఆ కలెక్టర్‌ని అడుగుతారు, "మా పరిధి కాదు" అని అక్కణ్ణుంచి తిరిగి వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

మావయ్య ఆలోచన మాత్రం వద్దు. ఆయన ఆవేశం నాకు అర్థమవుతుంది, మన ప్రాంతంలో అర్జీ అంటే పది చోట్ల జల్లడమే. కానీ ఒక కమిషన్ ముందు నడుస్తున్న విషయాన్ని జాతీయ మానవ హక్కుల కమిషన్ తీసుకోకూడదని అదే 36వ సెక్షన్ అంటుంది. నలుగురికి పంపితే ఒకరిని చూసి ఒకరు మూసేస్తారు. ఒక్కచోటే పంపండి. విభజన తర్వాత చాలా ఏళ్ళకి, 2021లో, మన రాష్ట్రానికి సొంత కమిషన్ వచ్చింది. ఆఫీసు కర్నూలులో పెట్టారు. కమిషన్ ఆఫీసులు మారుతుంటాయి, కుర్చీలు ఖాళీగా ఉండే రోజులూ ఉంటాయి. పోస్టు చేసే ముందు విజయనగరం జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థలో ఇప్పటి చిరునామా, విచారించే సభ్యులు ఉన్నారో లేదో కనుక్కో. లేకపోతే ఢిల్లీలోని జాతీయ కమిషన్‌కే పంపు, వాళ్ళ ఫోను 14433. న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలుని కూడా ఇస్తారు. అక్కడా మీ సర్టిఫికెట్ ఎవరూ అడగరు, ఆడమనిషి అయితే చాలు, ఆదాయం లెక్క కూడా లేదు. 15100కి ఫోన్ చేసినా సరే.

పంపాక ఏమవుతుందో చెబుతాను. ముందు ఒక నంబరు వస్తుంది. దాన్ని పోగొట్టుకోకు, తర్వాత ఏం అడగాలన్నా అదే. ఆపైన మూడింటిలో ఒకటి జరుగుతుంది. మొదట్లోనే కొట్టేయొచ్చు. "తగిన చర్య తీసుకోండి" అని కింది అధికారికి పంపి ఫైలు మూసేయొచ్చు, ఇది చాలా మామూలు. లేదా కలెక్టర్నో జిల్లా విద్యాధికారి (డీఈఓ)నో ఇన్ని వారాల్లో రిపోర్టు ఇమ్మని అడగొచ్చు. గడువులో ఇవ్వకపోతే కమిషన్ తనే విచారణ మొదలెట్టవచ్చు. మీరు ఆశపడాల్సింది ఈ మూడోదాని కోసం.

ఏమైనా జరుగుతుందా అని అడిగావు, పని తిరిగి వస్తుందా అన్నదే నీ మనసులో మాట అనుకుంటాను. కమిషన్ ఇచ్చేది సిఫారసు. పరిహారం ఇమ్మని, ఉద్యోగి మీద చర్య తీసుకోమని ప్రభుత్వానికి రాస్తుంది, ప్రభుత్వం నెలలోగా ఏం చేసిందో చెప్పాలి. మీ అమ్మని మళ్ళీ వంటగదిలో నిలబెట్టే తాళం చెవి కమిషన్ దగ్గర లేదు, జిల్లా అధికారుల దగ్గరే ఉంది. కాకపోతే పై నుంచి నంబరుతో కాగితం వచ్చిన తర్వాత అదే అధికారి బల్ల మీద ఇన్నాళ్ళూ పడి ఉన్న మీ అర్జీ కదులుతుంది. నా అనుభవంలో సగం పనులు తుది ఉత్తర్వుకి ముందే, రిపోర్టు రాయాల్సి వచ్చినప్పుడే తేలాయి.

ఈలోగా కాగితాలు పోగెయ్యి. సమాచార హక్కు దరఖాస్తు రెండు పెట్టు. మండల ఆఫీసుకైతే ఫీజు 5 రూపాయలే, ఊళ్ళో స్థాయిలో అసలు లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సినవి: మీ అమ్మని ఆపమన్న తీర్మానం ఉంటే దాని నకలు, మీ అర్జీ మీద తీసుకున్న చర్య, జూన్ నుంచి ఆగస్టు దాకా రోజువారీ హాజరు, రోజుకి ఎంతమంది తిన్నారన్న లెక్క. ఈ చివరిది బంగారం. బడిలో రోజూ ఎంతమందికి వండారో రాసుకుంటారు. హాజరు నలభై, తిన్నది తొమ్మిది. మనిషి మారిన మర్నాడు మళ్ళీ ముప్పై ఎనిమిదో నలభైయో. ఎవరూ ఏ కులం పేరూ ఎత్తకుండానే ఆ రిజిస్టరు మొత్తం చెప్పేస్తుంది. ఒకవేళ తినకపోయినా తిన్నట్టే నలభై రాసి ఉంటే, అది ఇంకో ప్రశ్న, అప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మీరు కాదు.

పిల్లల్ని మాత్రం సాక్షులుగా లాగొద్దు. క్యారేజీ తెచ్చుకున్న పిల్లాడి తప్పేం లేదు.

ఇక మీ అమ్మ మాట. దాన్ని పిరికితనం అనుకోకు. వంగర మండలం లక్ష్మీపేట మీకు ఎంతో దూరం కాదు. 2012 జూన్‌లో అక్కడ అయిదుగురు దళితుల్ని చంపారు. అప్పటికి నువ్వు పలక పట్టిన పిల్లవి, మీ అమ్మకి అంతా గుర్తుండే ఉంటుంది. ఊళ్ళో రేపు పాలు పోయకపోతే ఎలా, పొలం పనికి పిలవకపోతే ఎలా అని ఆవిడ లెక్క ఆవిడకి ఉంటుంది. ఆ లెక్క విను. ఆవిడ ఒప్పుకోకుండా సంతకం పెట్టించకు. ఒప్పుకుంటే, బెదిరింపు ఏదైనా వచ్చిన రోజే తేదీ వేసి రాసిపెట్టుకోండి, కమిషన్‌కి అదే నంబరు మీద ఇంకో కాగితం పంపండి. విచారణ నడుస్తుండగానే మధ్యంతర ఉపశమనం సిఫారసు చేసే అధికారం కమిషన్‌కి ఉంది.

మండలంలో ప్రతి నెలా 30న ఏదో ఒక ఊళ్ళో పౌర హక్కుల దినం జరపాలి, తహసీల్దారు, ఎస్సై వస్తారు. అంటరానితనం మీద విచారణకి రాష్ట్ర ప్రభుత్వం వేసిన పున్నయ్య కమిషన్ పుణ్యమా అని వచ్చిన పద్ధతి అది. జస్టిస్ పున్నయ్యగారు మన శ్రీకాకుళం మనిషే. చాలాచోట్ల ఫొటో దిగి వెళ్ళిపోతారు, నేను చూశాను. అయినా ఈసారి మీ ఊళ్ళో పెట్టమని తహసీల్దారుకి ఒక అర్జీ ఇవ్వు. పెడితే నీ మాట అక్కడ చెప్పి రికార్డులో రాయించు. పెట్టకపోతే, అడిగినా పెట్టలేదన్న కాగితం నీ పిటిషన్‌కి జత అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది చివరికి ఉంచాను. అధికారుల రిపోర్టు కమిషన్‌కి అందాక దాని నకలు మీకు పంపి, ఇన్ని రోజుల్లో మీ జవాబు చెప్పండి అంటారు. చాలామంది ఇక్కడే ఓడిపోతారు. ఆ కవరు చూసి కేసు అయిపోయిందనుకుంటారు, జవాబు రాయరు, ఫైలు మూసుకుపోతుంది. ఆ రిపోర్టులో ఏముంటుందో ఇప్పుడే చెప్పగలను: ఆమె తనంతట తనే మానేసింది, వంట రుచిగా లేదని, శుభ్రత లేదని తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు, కుల వివక్ష ఏమీ లేదు. చదివి ఏడవకు. అప్పుడు గుడ్డు గురించి రాయి. వంట శుభ్రంగా లేదన్న పిల్లలే అదే గిన్నెలో, అదే నీళ్ళలో, అదే చేత్తో ఉడికించిన గుడ్డుని పెంకుతో ఇస్తే రోజూ ఎందుకు తీసుకున్నారో చెప్పమని అడుగు. తేదీలు వేసి, గుడ్ల లెక్క, భోజనాల లెక్క పక్కపక్కన పెట్టి పంపు. కవరు రాగానే నాకు ఉత్తరం రాయి, జవాబు ఇద్దరం కలిసి రాద్దాం.